చట్టానికి చిక్కని చుక్క

పార్లమెంటు శీతాకాల సమావేశాలు ఏదో ఒక సంచలనం లేకుండా ముగియవు. 2025 డిసెంబరులో లోక్‌సభలో ఒకనాడు చెలరేగిన కలకలానికి కారణం ధరల పెరుగుదల కాదు, సరిహద్దు సమస్యా కాదు, పొగ. ప్రతిపక్షానికి చెందిన సభ్యుడొకరు కొన్ని రోజులుగా సభలోనే కూర్చుని ఎలక్ట్రానిక్ సిగరెట్టు పీలుస్తున్నారని పాలకపక్ష సభ్యుడొకరు లేచి ఆరోపించారు. దేశమంతటా నిషిద్ధమైన ఆ వస్తువును సభలో వాడటానికి అనుమతి ఉన్నదా అని స్పీకరును ప్రశ్నించారు. అటువంటి అనుమతి ఎవరికీ లేదనీ, విషయం తమ దృష్టికి వస్తే చర్య తీసుకుంటామనీ స్పీకరు సమాధానమిచ్చారు.

ఆ ఆరోపణలోని నిజానిజాలను తేల్చవలసినవారు సభాధ్యక్షులు. వాటి జోలికి నేను పోను. అయితే ఆనాటి గొడవలో నన్ను ఆలోచింపజేసిన సంగతి వేరొకటి ఉన్నది. పీల్చినవారెవరన్న దాని గురించే అందరూ మాట్లాడుకున్నారు. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ అన్నీ నేరమైన ఈ దేశంలో, చట్టం వచ్చి ఆరేళ్లు దాటిన తరువాత, ఆ వస్తువు దేశ రాజధానిలో ఇంత సులభంగా ఎలా దొరుకుతున్నదన్న ప్రశ్నను పట్టించుకున్నవారు నాకు కనిపించలేదు.

దానికి జవాబు కొన్ని రోజులకే నాకు ఒక మిత్రుని ఇంట్లో దొరికింది. ఆయన కేంద్ర సర్వీసులో పనిచేసే తెలుగు అధికారి. భోజనాలయ్యాక ఆయన శ్రీమతి ఒక చిన్న అట్టపెట్టె తెచ్చి నా ముందుంచారు. “అన్నయ్యగారూ, నాలుగు ఊళ్లు తిరిగేవారు మీరు. ఇదేమిటో కాస్త చూసి చెప్పండి” అన్నారు. అందులో బొటనవేలంత లోహపు గొట్టం, సన్నని తీగచుట్టలు రెండు, కాసింత దూది, మామిడిపండు వాసన కొట్టే ద్రవంతో ఒక చిన్న సీసా ఉన్నాయి. పన్నెండవ తరగతి చదువుతున్న కుమారుని పుస్తకాల బీరువా వెనుక అవి దొరికాయట. సీసాను చూసి మిఠాయిలలో వేసే ఎసెన్సనీ, తీగను చూసి బడిలో భౌతికశాస్త్ర ప్రయోగం కోసమనీ ఆమె అనుకున్నారు. తండ్రికి మాత్రం అనుమానం వచ్చింది.

కుర్రవాణ్ణి పిలిచి అడిగాను. తెలివైన పిల్లవాడు, బుకాయించలేదు. “ఇది సిగరెట్టు కాదు అంకుల్. ఇందులో పొగాకు లేదు, నిప్పు లేదు. వచ్చేది ఆవిరి” అన్నాడు. ఒకసారి పీల్చి పారవేసే తయారు సరుకు దొరుకుతుండగా ఈ తీగలూ దూదీ ఎందుకని అడిగితే, “అవి అందరి దగ్గరా ఉంటాయి. తీగమీద రెండు చుక్కలు వేసుకుని పీలిస్తే మబ్బు దట్టంగా వస్తుంది, రుచి బాగా తెలుస్తుంది” అని చెప్పాడు. మొదటిసారి మొబైలు ఫోన్ల కవర్లు అమ్మే కొట్లో కొన్నాడు. ఆ తరువాత ఫోనులో కబురు పెడితే కాలనీ గేటు దాకా తెచ్చి ఇచ్చారు. వయసెంత అని ఒక్కరూ అడగలేదు.

ఈ పద్ధతిని వాడుకలో డ్రిప్పింగ్ అంటారు. పాఠకులలో చాలామందికి ఇది కొత్త కావచ్చును గనుక కొంచెం వివరిస్తాను. ఎలక్ట్రానిక్ సిగరెట్టులో ఒక బ్యాటరీ, ఒక లోహపు తీగచుట్ట, ద్రవం నిండిన చిన్న తొట్టి ఉంటాయి. ఆ ద్రవం ప్రధానంగా గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే పదార్థాల మిశ్రమం. అందులో నికొటిన్, రుచికి రకరకాల పరిమళ ద్రవ్యాలు కలుపుతారు. తొట్టిలోని ద్రవం వత్తి ద్వారా తీగకు కొద్దికొద్దిగా అందుతుంది. తీగ వేడెక్కితే ద్రవం పొగమంచులా లేస్తుంది. దాన్ని పీలుస్తారు. డ్రిప్పింగ్‌లో తొట్టి ఉండదు. గొట్టం మూత తీసి, తీగమీద గానీ దానిలో దూర్చిన దూదిమీద గానీ కొన్ని చుక్కలు స్వయంగా వేసి, వేడిచేసి, వెంటనే పీలుస్తారు. చుక్కలు అయిపోగానే మళ్లీ వేస్తారు.

చూడటానికి తేడా స్వల్పమే. కాని అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. తడి ఉన్నంతవరకు ద్రవం ఆవిరవుతూ తీగ వేడిని అదుపులో ఉంచుతుంది. చుక్కలు ఇంకిపోతున్న కొద్దీ తీగ ఆరిపోయి వేడి విపరీతంగా పెరుగుతుంది. పొయ్యిమీద పెట్టిన గిన్నెలో నీరు ఇగిరిపోయాక అడుగు మాడటం ఎరిగిన ప్రతి ఇల్లాలికీ ఈ శాస్త్రం తెలిసినదే. ఆ వేడికి గ్లిజరిన్, గ్లైకాల్‌లు విరిగి ఫార్మాల్డిహైడ్, అసిటాల్డిహైడ్, ఆక్రోలీన్ అనే విషపదార్థాలు పుడతాయి. వీటిలో ఫార్మాల్డిహైడ్ మనుషులలో క్యాన్సరు కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. బీరూట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ డ్రిప్పింగ్ పద్ధతినే ప్రయోగశాలలో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. ఒకసారి వేసిన చుక్కలతో ఎన్ని దమ్ములు లాగితే విషవాయువులు అంత పెరుగుతాయనీ, ఒక దశలో అవి మామూలు సిగరెట్టు పొగలోని మోతాదును సైతం మించగలవనీ వారి పరిశోధన సారాంశం. “నిప్పు లేదు” అన్న కుర్రవాని మాట నిజమే. నిప్పు చేసే పని మాత్రం జరిగిపోతూనే ఉన్నది.

ఇది ఏ కొద్దిమందో చేసే విపరీతమని కొట్టివేయడానికి వీలులేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో కనెక్టికట్ రాష్ట్రంలోని 8 ఉన్నత పాఠశాలలలో సర్వే జరిపి 2017లో వివరాలు వెల్లడించారు. ఎలక్ట్రానిక్ సిగరెట్టు ఎప్పుడైనా వాడి చూసిన విద్యార్థులు 1,080 మంది ఉంటే, వారిలో 26 శాతం మంది డ్రిప్పింగ్ కూడా చేసి చూశారు. కారణమడిగితే అత్యధికులు చెప్పింది దట్టమైన మబ్బు కోసమని. తరువాతిది మంచి రుచి. ఢిల్లీలో నా మిత్రుని కుమారుడు చెప్పిన మాటలు అవే, అదే వరుసలో. మన దేశపు పాఠశాలలలో ఈ పద్ధతి ఎంతవరకు వ్యాపించినదో చెప్పే అటువంటి లెక్క ఏదీ నా కంట పడలేదు. నిషేధించిన వస్తువుకు లెక్కలెందుకని అధికారులు అనుకుంటున్నారేమో!

వస్తువు ఒక్కటే అయినా వాడే పద్ధతిని బట్టి హాని మారుతుందన్నది తెలుగువారికి ఇంకొకరు చెప్పవలసిన సంగతి కాదు. శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాలలో, ముఖ్యంగా స్త్రీలలో, అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉన్నది. చుట్ట కాలే కొనను నోటిలో పెట్టుకుని పీల్చడమే అడ్డపొగ. ఆకు అదే, చుట్ట అదే. తిరగవేసి పీల్చినందువల్ల వేడి నేరుగా అంగిలికి తగిలి, ఇతర ప్రాంతాలలో అరుదైన అంగిలి క్యాన్సరు అక్కడ విరివిగా కనిపించింది. పది వేల మందికి పైగా పల్లె ప్రజలను పరీక్షించి తయారుచేసిన నివేదిక 1971లోనే అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడింది. తీగమీద చుక్కలు వేసి పీల్చే నేటి నగర యువకునికీ, ఆనాటి ఉద్దానం అవ్వకూ మధ్య చదువులో, సంపదలో ఎంత అంతరమున్నా, శరీరం లెక్కవేసేది మాత్రం ఒక్కదాన్నే. ఎంత వేడి, ఎంత విషం అన్నదే ఆ లెక్క.

ఇక చట్టం సంగతి చూద్దాం. 2018 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఈ పరికరాల తయారీని, అమ్మకాన్ని అనుమతించవద్దని రాష్ట్రాలకు సలహా ఇచ్చింది. డజనుకు పైగా రాష్ట్రాలు తమంత తాము నిషేధించాయి. ఇవి ఔషధాల కిందకు వస్తాయా అన్న వివాదం తలెత్తి, 2019 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కేంద్ర అధికారుల ఉత్తర్వుపై స్టే ఇచ్చింది. 2019 మే నెలలో భారత వైద్య పరిశోధనా మండలి సంపూర్ణ నిషేధాన్ని సిఫారసు చేసింది. 2019 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం ఆర్డినెన్సుకు ఆమోదం తెలిపింది. ఆర్థికమంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ స్వయంగా పత్రికలవారికి ఆ నిర్ణయం వెల్లడించారు. వైద్యులు కూడా అయిన నాటి ఆరోగ్యమంత్రి డాక్టర్ హర్షవర్ధన్ బిల్లు ప్రవేశపెట్టగా, నవంబరు 27న లోక్‌సభ, డిసెంబరు 2న రాజ్యసభ దానిని ఆమోదించాయి.

కాగితం మీద ఇది కట్టుదిట్టమైన చట్టం. పూర్తి వస్తువును గానీ దాని ఏ భాగాన్ని గానీ తయారుచేసినా, దిగుమతి చేసినా, అమ్మినా మొదటిసారి ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా. నిల్వ ఉంచినందుకు ఆరు నెలల దాకా జైలు లేదా 50 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ద్రవంలో నికొటిన్ ఉన్నా లేకున్నా చట్టం వర్తిస్తుంది. సబ్ ఇన్‌స్పెక్టరు హోదా నుంచి పోలీసు అధికారులకు సోదాల అధికారం ఉన్నది. పీల్చినవానికి మాత్రం ఈ చట్టంలో శిక్ష విధించలేదు. వలలో పడిన బాలుణ్ణి నేరస్థునిగా కాక బాధితునిగా చూడటం సబబేనని నా అభిప్రాయం.

ఇంతటి చట్టం ఉండగా సీసా కాలనీ గేటు దాకా ఎలా వచ్చింది? దీనికి సమాధానం గుట్కా చరిత్ర చెబుతుంది. ఆహార భద్రతా నిబంధనల ఆధారంగా 2012 నుంచి రాష్ట్రాలు ఒకటొకటిగా గుట్కాను నిషేధించాయి. కొన్నాళ్లకే వ్యాపారులు దాన్ని రెండుగా విడగొట్టారు. పాన్‌మసాలా ఒక పొట్లంలో, పొగాకు ఇంకొక పొట్లంలో పెట్టి పక్కపక్కన వేలాడదీశారు. కలుపుకునే పని కొనుగోలుదారునిది. డ్రిప్పింగ్ సామగ్రి కూడా అంతే. దూది మందుల దుకాణంలో దొరుకుతుంది, తీగ విద్యుత్ సామాన్ల కొట్లో దొరుకుతుంది, బ్యాటరీ సెల్లు ఎక్కడైనా దొరుకుతుంది. దొంగతనంగా రావలసినవి గొట్టం, చిన్న సీసా మాత్రమే. వస్తువు మొత్తంగా కనిపిస్తేనే గుర్తుపట్టగల యంత్రాంగానికి ముక్కలు ముక్కలుగా వచ్చే సరుకు కనిపించదు.

కేంద్రం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. నిషేధం అమలు తీరుపై తనకే అసంతృప్తి కలిగి, 2023లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటనలు జారీచేసింది. ఉల్లంఘనలపై పౌరులు ఫిర్యాదు చేసేందుకు ఆ ఏడాది జూలైలో ఇంటర్నెట్‌లో ప్రత్యేక ఏర్పాటు చేసింది. పోలీసులు, కస్టమ్స్ అధికారులు అప్పుడప్పుడు భారీగా సరుకు పట్టుకుంటున్నారు. అయితే పట్టుకున్న సీసాలలో ఏమున్నదో పరీక్షించి ప్రజలకు చెబుతున్నారా? ఇక్కడే నిషేధంలోని పెద్ద లోపం బయటపడుతున్నది. చట్టబద్ధమైన వస్తువు మీద చీటీ అయినా ఉంటుంది. చీటీ అబద్ధమైతే కంపెనీని కోర్టుకు ఈడ్చవచ్చు. దొంగ సరుకు మీద రాసిన నికొటిన్ శాతాన్ని ఎవరు నమ్మాలి? 2019లో అమెరికాలో ఈ పరికరాలు వాడినవారికి ఊపిరితిత్తుల జబ్బు సోకి, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు నమోదయ్యాయి. మన ఆర్డినెన్సు వెలువడినది కూడా ఆ ఆందోళన మధ్యనే. తీరా పరిశోధిస్తే ప్రధాన దోషి గంజాయి సారంలో కల్తీగా కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అని తేలింది. ఆ సరుకులో అధికభాగం చాటుమాటు వ్యాపారులు అమ్మినదే. సీసాలో ఏమున్నదో తెలియకపోవడం ఎంత ప్రాణాంతకమో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఈ మాట అనగానే, అటువంటప్పుడు నిషేధం ఎత్తివేసి లైసెన్సులిచ్చి నియంత్రిస్తే సరిపోతుంది కదా అని వాదించేవారు ఢిల్లీలో ఉన్నారు. వారు బ్రిటన్‌ను ఆదర్శంగా చూపుతారు. కాల్చే సిగరెట్టుకంటే ఇది చాలా తక్కువ హానికరమని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాట వాస్తవం. పొగతాగేవారు దాన్ని మానడానికి సాధనంగా అక్కడ ప్రోత్సహించిన మాటా వాస్తవం. వయసు మళ్లిన పొగరాయుడు సిగరెట్టు మాని దీనికి మారితే కొంత మేలు కలగవచ్చునన్న వాదనను నేను తోసిపుచ్చను. కాని అదే బ్రిటన్ పిల్లల్లో అలవాటు ప్రబలడం చూసి, ఒకసారి వాడి పారవేసే రకాన్ని 2025 జూన్ 1 నుంచి నిషేధించింది. పైగా డ్రిప్పింగ్ పద్ధతి ఈ నియంత్రణ వాదంలోని లోటును కూడా బయటపెడుతున్నది. లైసెన్సు ఇచ్చే అధికారి పరీక్షించేది కర్మాగారంలో తయారైన పరికరాన్ని, అది మామూలుగా వాడినప్పుడు వెలువరించే ఆవిరిని. కుర్రవాడు మూత విప్పి, తన తీగ తానే చుట్టుకుని, చుక్కలు వేసుకుంటే ఆ పరీక్ష ఫలితానికి విలువ ఏముంటుంది? రక్షక వలయం లేని కొన్ని గొట్టాలలో తీగ తప్పుగా చుట్టితే షార్టు సర్క్యూటై బ్యాటరీ పేలే ప్రమాదం కూడా ఉన్నది.

కనుక నిషేధించి చేతులు దులుపుకున్నా, లైసెన్సిచ్చి చేతులు దులుపుకున్నా ఫలితం ఒక్కటే. చట్టం వస్తువును పట్టుకుంటున్నది. అలవాటు వస్తువులో లేదు, వాడే చేతిలో ఉన్నది. ఆ చేతిదాకా ప్రభుత్వం వెళ్లనంతకాలం చట్టం గెజెట్‌లోనే ఉంటుంది. మన పొరుగున ఉన్న మాల్దీవులు 2024 చివరలో ఈ పరికరాల దిగుమతినే కాక వాడకాన్నీ నిషేధించింది. 2007 జనవరి 1న గానీ ఆ తరువాత గానీ పుట్టినవారికి ఏ రకమైన పొగాకునూ అమ్మరాదని 2025 నవంబరు నుంచి మరో అడుగు వేసింది. అంతటి చిన్న ద్వీపదేశానికి సాధ్యమైనది ఇంతటి దేశానికి యథాతథంగా సాధ్యమని నేను అనను. కాని అక్కడి విధానంలో ఒక పొందిక ఉన్నది. కొత్త రకానికి ఒక నీతి, పాత రకానికి మరొక నీతి అని లేదు.

మన దగ్గర లోపించినది ఆ పొందికే. 2016–17లో జరిగిన జాతీయ సర్వే ప్రకారం దేశంలోని వయోజనులలో 28.6 శాతం మంది, అంటే సుమారు 26 కోట్ల 70 లక్షల మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. బీడీ కాల్చేవారు సిగరెట్టు కాల్చేవారికన్నా ఎక్కువ. నమిలేవారు ఈ ఇద్దరికన్నా ఎక్కువ. పొగాకు వల్ల ఏటా 13 లక్షలకు పైగా ప్రాణాలు పోతున్నాయని అంచనా. దేశంలోని అతిపెద్ద సిగరెట్ల కంపెనీలో కేంద్ర ప్రభుత్వానికి, పాత యూనిట్ ట్రస్టు ఆస్తుల నిర్వహణ సంస్థ ద్వారా, ఎనిమిది శాతానికి కొంచెం తక్కువ వాటా ఉన్నది. ప్రభుత్వ రంగంలోని జీవిత బీమా సంస్థకు అదే కంపెనీలో సుమారు 15 శాతం వాటా ఉన్నది. ప్రజల ప్రాణాలకు బీమా చేసే సంస్థ ప్రాణాలు తీసే సరుకు నుంచి లాభాలు పంచుకుంటున్నది! 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. మండలి సిగరెట్ల మీద పన్ను రేటును 40 శాతంగా నిర్ణయిస్తూనే, బీడీల మీద 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని తీర్మానించింది. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టి బతికే మహిళల జీవనోపాధిని నేను చులకన చేయడం లేదు. కాని బీడీ పొగ ఊపిరితిత్తులపై జాలి చూపదు గదా!

కుర్రవాళ్లు ఈ వైరుధ్యాన్ని గమనించలేరనుకోవడం పొరపాటు. మిత్రుని ఇంట్లో ఆ పిల్లవాడు నన్ను అడిగిన ప్రశ్నకు నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. “మా బడి దగ్గర పాన్ డబ్బాలో సిగరెట్టు విడిగా అమ్ముతారు అంకుల్. దాన్ని ఎవరూ నిషేధించలేదు. అంతకంటె ఇది చెడ్డదైతే ఎలా?” అన్నాడు. ముందు వచ్చిన చెవులకంటె వెనుక వచ్చిన కొమ్ములు వాడి అన్న సామెత చెప్పి తప్పించుకోవచ్చును. కాని నిజమేమిటంటే, చెవులను వదిలి కొమ్ములను మాత్రమే కోసిన ప్రభుత్వం పిల్లల ముందు నైతికంగా బలహీనమైపోయింది. విద్యాసంస్థకు వంద గజాల లోపు పొగాకు అమ్మరాదన్నది 2003 నాటి చట్టం. ఆ వంద గజాలను కొలిచి అమలుచేసే శక్తి లేని యంత్రాంగం, అరచేతిలో ఇమిడే సీసాను పట్టగలదని ఎవరు నమ్ముతారు?

ఆంధ్ర దేశానికి ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత, ప్రత్యేకమైన బాధ రెండూ ఉన్నాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది. ప్రకాశం, నెల్లూరు, పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాల వర్జీనియా రైతులు బోర్డు వేలం కేంద్రాలలో పలికే ధరమీద ఆధారపడి బతుకుతున్నారు. ఒక కేంద్ర మంత్రిత్వ శాఖ పొగాకు ఎగుమతులను ప్రోత్సహిస్తుంది, మరొకటి పొగాకు మానమంటుంది. మధ్యలో రైతుకు ప్రత్యామ్నాయం చూపే బాధ్యత ఏ శాఖదో తేలదు. ఎలక్ట్రానిక్ సిగరెట్లను నిషేధించింది ఈ రైతు కోసమేనని అప్పట్లో కొందరు అన్నారు, సిగరెట్ల కంపెనీల కోసమని మరికొందరు అన్నారు. ప్రభుత్వం చెప్పిన కారణం మాత్రం పిల్లల ఆరోగ్యం. ఆ కారణం నిజాయితీతో చెప్పినదే అయితే, దానికి తగిన ఆచరణ కనిపించాలి.

నికొటిన్ ఎంత బలమైన విషమో పొగాకు చేలలో పనిచేసే కూలీలకు తెలిసినంతగా నగరవాసులకు తెలియదు. మంచుకో వానకో తడిసిన ఆకు కోసేటప్పుడు నికొటిన్ చర్మం ద్వారానే ఒంట్లోకి ఇంకి తల తిప్పడం, వాంతులు, నీరసం కలుగుతాయి. వైద్యులు దీన్ని పచ్చిపొగాకు జబ్బుగా గుర్తించారు. ఆకుమీది తడిలో కరిగినంత నికొటిన్‌కే ఒళ్లు తూలిపోతే, చిక్కగా కలిపిన సీసా ఇంట్లో పసిపిల్లలకు అందేచోట ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు. మామిడిపండు వాసన వేసే సీసాను ఆ తల్లి మిఠాయి ఎసెన్సు అనుకున్నదంటే, పసిబిడ్డ ఏమనుకుంటుంది?

ఏం చేయాలని పాఠకులు అడగవచ్చు. నిషేధాన్ని ఎత్తివేయమని నేను అనను. అది చేయవలసిన పనిలో మొదటి పావు వంతు మాత్రమేనని అంటాను. పట్టుబడిన సరుకును ప్రభుత్వ ప్రయోగశాలలలో పరీక్షించి, అందులో ఏమున్నదో మూడు నెలలకొకసారి బహిరంగంగా ప్రకటించాలి. ఎన్ని కేసులు పెట్టారు, ఎన్నింటిలో శిక్షలు పడ్డాయి అన్న లెక్కను ఆరోగ్యమంత్రి ఏటా పార్లమెంటు ముందుంచాలి. పాఠశాలలలో ఉపన్యాసాలు కాక నిజాలు చెప్పాలి. డ్రిప్పింగ్ అంటే ఏమిటో, తీగ ఆరిపోతే ఏం పుడుతుందో రసాయనశాస్త్రం మాస్టారే తరగతిలో చెప్పవచ్చు. పొగాకు మానదలచినవారికి 1800-11-2356 అనే ఉచిత ఫోను సౌకర్యం దేశంలో ఉన్నది. దాని గురించి ఎన్ని ఇళ్లలో తెలుసు? పట్టుబడిన విద్యార్థిని బడినుంచి గెంటివేయక డాక్టరు దగ్గరకు పంపాలి. అన్నిటికీ మించి ప్రభుత్వం సిగరెట్ల కంపెనీలో తన వాటాలను వదులుకుని, పొగాకు రైతుకు ప్రత్యామ్నాయ పంటకు కాలవ్యవధితో కూడిన పథకం ప్రకటించాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు.

గురజాడవారి ‘కన్యాశుల్కం’లో గిరీశం శిష్యునికి పొగతాగడం మహిమను బోధిస్తాడు. గరుత్మంతుడు అమృతం తెస్తుండగా ఒలికిన చుక్కే పొగాకు మొక్కగా మొలిచిందని దానికి ఒక పురాణం కూడా అల్లి చెబుతాడు. ఆ మాటలకు తెలుగువారు నూరేళ్లకు పైగా నవ్వుకుంటున్నారు. నేటి గిరీశాలకు పద్యాలు అక్కర లేదు. సీసాలో పండ్ల వాసన నింపి, ఇది పొగ కాదు ఆవిరి అని చెబితే చాలు, వెంకటేశాలు నమ్ముతున్నారు.

మిత్రుని కుమారుడు ఇప్పుడు వైద్యుని సలహా తీసుకుంటున్నాడు. మానడం అనుకున్నంత తేలిక కాలేదని తండ్రి మొన్న ఫోనులో చెప్పారు. రాత్రుళ్లు చిరాకు, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. సీసా అమ్మిన కొట్టు మాత్రం యథాప్రకారం నడుస్తూనే ఉన్నదట. చట్టం చేసిన సభకూ ఆ కొట్టుకూ మధ్య దూరం ఎంతో లేదు, కొన్ని మైళ్లు. ఆ దూరం నడిచే ఓపిక ఏలినవారికి ఎప్పుడు కలుగుతుందో చూడాలి.